కుంట పక్కన లెటర్‌బాక్స్: పెద్దబాతులు గూడు కట్టే వేళ ఎక్కడ దాచాలి?

పెడన అచ్చు | మార్చి 9

నమస్కారం. మేము కనెక్టికట్‌లో, హార్ట్‌ఫర్డ్‌కు దక్షిణాన ఉంటాం. ఇంటికి ఐదు నిమిషాల నడకలో ఊరి పార్కు, అందులో ఒక కుంట ఉన్నాయి. చుట్టూ తిరిగి వస్తే నా అడుగుల్లో 640. ఆ కుంట దగ్గర మా మొదటి లెటర్‌బాక్స్ పెట్టాలని నేనూ, తొమ్మిదేళ్ల మా అమ్మాయీ అనుకున్నాం. ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాత్రం వారం రోజులుగా ఇద్దరికీ కుదరడం లేదు.

ఈ ఆట తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో చేత్తో చెక్కిన రబ్బరు స్టాంపు, ఒక నోటు పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. దారి ఆనవాళ్లు రాసి అందరికీ తెలిసేలా ఉంచుతారు. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు తమ సొంత స్టాంపు, సొంత పుస్తకం, ఇంకు ప్యాడ్ తెచ్చుకుంటారు. డబ్బా దొరికాక వాళ్ల ముద్ర మన పుస్తకంలో, మన ముద్ర వాళ్ల పుస్తకంలో పడుతుంది. తరువాత అన్నీ సర్ది, ఉన్నచోటే ఉన్నట్టు దాచి వెళ్లిపోవాలి. జీపీఎస్ అంకెలు పట్టుకుని వెతికే జియోకాషింగ్ 2000లో మొదలైంది. ఇది దానికంటే చాలా పాతది. దిక్సూచి, అడుగుల లెక్క, కాస్త ఓపిక ఉంటే చాలు.

మా నాన్న పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవారు. టేకు చెక్క మీద ఉలి ఆడే చప్పుడు వింటూ పెరిగాను కానీ, ఉలి నేను ఎప్పుడూ పట్టలేదు. పోయిన శరత్తులో అడవిలో మొదటి లెటర్‌బాక్స్ దొరికినప్పుడు, ఆ స్టాంపును వేళ్లతో తడిమి చూస్తే ఇల్లు గుర్తొచ్చింది. ఆ వారమే గులాబీ రంగు రబ్బరు పలక, చెక్కే కత్తులు కొన్నాను. నాన్న వీడియో కాల్‌లో కూర్చుని చెప్పారు: బొమ్మను పెన్సిలుతో కాగితం మీద గియ్యి, కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి చెంచా వీపుతో రుద్దు, గీత దానంతట అదే తిరగబడి దిగుతుంది. తరువాత ఇంకో మాట అన్నారు. "గీతకు రెండు పక్కలా నిలువుగా కొయ్యకు. చెరువు గట్టులా వాలు ఉంచు. గట్టు అడుగున వెడల్పుంటేనే కదా నిలబడేది. అడుగు తొలిచావంటే నాలుగు ముద్రలకే గీత తెగుతుంది."

అలా మూడు పలకలు పాడయ్యాక ఒకటి కుదిరింది. గూట్లో కూర్చుని మెడ చాచిన పెద్దబాతు. ఇక్కడి కెనడా గూస్.

ఇప్పుడు ప్రశ్న. నీటి ఒడ్డున ఒక పాత విల్లో చెట్టు ఉంది, దాని మొదట్లో డబ్బా పట్టేంత తొర్ర. మా అమ్మాయికి అదే కావాలి. "పెద్దబాతు బొమ్మ పెద్దబాతు ఉండే చోటే ఉండాలి" అంటుంది. పోయిన ఏప్రిల్‌లో ఆ చెట్టుకు పదడుగుల దూరంలోనే ఒక జంట గూడు కట్టింది. నాకు మనసు ఒప్పడం లేదు. పార్కు అంచున పాత రాతిగోడ ఉంది, దారి పక్కన బెంచీలు ఉన్నాయి. వీటిలో ఏదైనా నయమా? లేక గూళ్ల కాలం అయ్యేదాకా ఆగాలా? అసలు నీటిపక్షులు ఉన్నచోట ఈ పని చేయవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


నడకదారి | మార్చి 9

పెడన అచ్చు గారూ, మీ నాన్నగారి గట్టు మాటను నా కత్తుల పెట్టె మూత మీద రాసుకున్నాను. మసాచుసెట్స్‌లో పదకొండేళ్లుగా ఈ స్టాంపులు చెక్కుతున్నాను, ఇంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు.

విల్లో తొర్ర వద్దు. ఒక డబ్బా పెట్టామంటే అక్కడికి ఒక బాట వేసినట్టే. వచ్చినవాళ్లు నేరుగా తొర్రలో చెయ్యి పెట్టరు. ఆనవాలు సరిగా అర్థం కాక పక్క చెట్టు చూస్తారు, దాని పక్క పొద కదుపుతారు, నీటి అంచు దాకా వెళ్లి వెనక్కి వస్తారు. నా రెండో డబ్బా వాగు ఒడ్డున ఫెర్న్ మొక్కల మధ్య పెట్టాను. ఎంత అందమైన చోటో అనుకున్నాను. మరుసటి వేసవికి అక్కడ బోసి మట్టి తేలింది. డబ్బా తీసేశాను. ఆ మొక్కలు మళ్లీ లేవడానికి రెండేళ్లు పట్టింది, నేను ఏటా వెళ్లి చూసి వచ్చాను.

రాతిగోడ కూడా వద్దు. మన వైపు అడవుల్లో కనబడే ఆ గోడలు ఒకప్పటి రైతులు పొలాల హద్దులకు సున్నం లేకుండా పేర్చినవి. డబ్బా కోసం ఒకరు ఒక రాయి లాగితే, తరువాతి మనిషి నాలుగు లాగుతాడు. ఇంగ్లండ్‌లో ఈ ఆట పుట్టిన డార్ట్‌మూర్ వాళ్లకూ ఇదే కట్టుబాటు: గోడల్లో, పురాతన కట్టడాల్లో డబ్బా పెట్టకూడదు. బెంచీ కింద పెడితే నెల తిరగకుండా చెత్తబుట్టలోకి చేరుతుంది.

నా సలహా: ఆనవాళ్లలో కుంటను చూపించండి, డబ్బాను మాత్రం కుంటకు దూరంగా పెట్టండి. వచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చుని పక్షులను చూడాలి, ఆ తరువాత నీటికి వీపు పెట్టి నడవాలి. ఆనవాళ్లకు కదలని వస్తువులనే వాడండి. బెంచీ, దీపస్తంభం, మిట్ట, పెద్ద చెట్టు. బాతుల సంఖ్యను లెక్కలోకి తెచ్చారంటే మీ డబ్బా ఎవరికీ దొరకదు.

మీ అమ్మాయికి ఒక సంగతి చెప్పండి. ఈ ఆట పుట్టింది కూడా ఒక కొలను పేరుతోనే. డార్ట్‌మూర్ బీడుల నడుమ క్రాన్‌మియర్ పూల్ అనే చోటు ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపించే మనిషి, అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ కార్డులు వేసి వెళ్లడానికి అక్కడ ఒక సీసా పెట్టాడు. తరువాత తరువాత జనం తమ చిరునామా తామే రాసుకున్న కార్డులు అక్కడ వదలడం మొదలుపెట్టారు. ఆ తరువాత వచ్చినవాళ్లు వాటిని తీసుకెళ్లి టపాలో వేసేవారు. లెటర్‌బాక్స్ అన్న పేరు అలా వచ్చింది. పేరుకు కొలనే కానీ అక్కడ ఇప్పుడు నీళ్లు లేవు, నాచుమట్టి గుంట మాత్రమే ఉంది. అమెరికాలో ఈ ఆట ఊపందుకున్నది 1998లో స్మిత్సోనియన్ పత్రికలో వ్యాసం వచ్చాక. మీ రాష్ట్రంలో అటవీ విభాగమే రాష్ట్ర అడవుల్లో లెటర్‌బాక్సులు పెట్టింది, వీలైతే ముందు అవి చూసి రండి. ఎలా దాచారో చూస్తే సగం నేర్చుకున్నట్టే.

మిగతావి చిన్న సంగతులు. పార్కు కార్యాలయం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. నేల తవ్వకండి. స్టాంపుకు ఒకటి, పుస్తకానికి ఒకటి జిప్ సంచులు వాడండి. ఇంకు ప్యాడ్ లోపల పెట్టకండి, మన చలికి గడ్డకట్టి పాడవుతుంది. తినే వస్తువు ఏదీ వద్దు, రకూన్లు మూత కొరికేస్తాయి.


నీటిపిట్టలు | మార్చి 10

విల్లో గురించి నడకదారి గారు చెప్పినదానికి పక్షుల వైపు నుంచి కొంత చేరుస్తాను.

కెనడా గూస్ నీటికి దగ్గరగా, చుట్టూ కనబడేలా కాస్త ఎత్తున్న చోటు చూసుకుని గూడు కడుతుంది. పోయిన ఏడు పిల్లలు బతికి బయటపడిన చోటికే ఆ జంట తిరిగి రావడం మామూలు. కాబట్టి మీ విల్లో దగ్గర ఈ ఏడు కూడా గూడు ఉంటుందనే అనుకోండి. మీ ప్రాంతంలో మార్చి చివరి నుంచి గుడ్లు పెడతాయి. సాధారణంగా ఐదారు. ఆడది 25 నుంచి 28 రోజులు పొదుగుతుంది, మగది పక్కనే కాపలా ఉంటుంది. ఆడది గూడు వదిలేది చాలా కొద్దిసేపు. మనుషుల అలికిడికి అది లేచిందంటే గుడ్లు చల్లబడతాయి, పైన కాకులు కాచుకుని ఉంటాయి. ఒక్క మనిషి ఒక్కసారి వస్తే సర్దుకుంటుంది. వారానికి ముగ్గురు నలుగురు వస్తే గూడు వదిలేయవచ్చు. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గూడును, గుడ్లను కదిలించడం నేరం కూడా.

కాపలా ఉన్న మగది మెడ నేలబారుగా చాచి బుస కొట్టిందంటే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం. పరుగెత్తకండి, వీపు చూపకండి. దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి అడుగులు వేయండి. పిల్లలకు ఇది ముందే నేర్పండి.

ఆనవాళ్ల చివర "రొట్టె వేయకండి" అని ఒక ముక్క రాయండి. రొట్టెతో కడుపు నింపుకుని పెరిగే పిల్లలకు పోషణ చెడుతుంది. రెక్క చివర బయటికి తిరిగిపోయి ఎగరలేని పక్షులను అలాంటి కుంటల దగ్గరే నేను చూశాను.

ఇంకో మాట మీకోసం, పక్షుల కోసం కాదు. పొడవు గడ్డిలో దాచకండి. పిడుదులు కుడితే వచ్చే లైమ్ జబ్బుకు ఆ పేరు పెట్టింది మీ రాష్ట్రంలోని ఊరిని బట్టే. మే నుంచి జూలై దాకా తిరిగే పిల్ల పిడుదులు గసగసాల గింజంత ఉంటాయి, కంటికి ఆనవు. కోసిన గడ్డి మీదుగా వెళ్లే దారి చూసుకోండి.


గుంటూరు గట్టు | మార్చి 11

నాకు ఈ ఆలోచన నచ్చలేదని ముందే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మా గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. చిన్నప్పటి నుంచి వెళ్తున్నాను. గట్టు మీద నిలబడి చూస్తాం, వచ్చేస్తాం. అక్కడ మనిషి పని అంతే. మీ కుంట దగ్గర మాత్రం ప్లాస్టిక్ డబ్బా దాచి, నలుగురిని పిలిచి వెతికించడం ఎందుకు? పక్షులను చూడాలంటే పక్షులు చాలవా?


పెడన అచ్చు | మార్చి 13

అందరికీ కృతజ్ఞతలు. గుంటూరు గట్టు గారూ, మీ ప్రశ్న రెండు రోజులు నన్ను వదల్లేదు. అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

రెండేళ్లు ఆ కుంట చుట్టూ ఫోను చూసుకుంటూ నడిచాను. రోజూ చూస్తున్నాను అనుకున్నాను. స్టాంపు కోసం బొమ్మ గీయడానికి బెంచీ మీద కూర్చున్న రోజున మొదటిసారి తెలిసింది, పెద్దబాతు గడ్డం కింద ఉండే తెల్లని పట్టీ రెండు బుగ్గల మీదుగా కంటి వెనక దాకా వెళ్తుందని. టోపీ జారకుండా కట్టుకున్న తాడులా ఉంటుంది. అది గమనించడానికి నాకు ఒక సాకు కావలసి వచ్చింది. అందరికీ అలా అవసరం కాకపోవచ్చు. మీకు చిన్నప్పటి నుంచి ఆ గట్టు ఉంది. ఇక్కడ పుట్టిన మా అమ్మాయికి నేను చూపించగలిగిన గట్టు ఇదొక్కటే.

అయినా మీ మాటలో సగం తీసుకున్నాను. మనిషి నిలబడవలసింది గట్టు మీదే. డబ్బా నీటి వైపు ఉండదు. పార్కు కార్యాలయానికి నిన్ననే రాశాను. మా అమ్మాయి ఇంకా అలిగే ఉంది.


నడకదారి | మార్చి 13

అలక తీరే ఉపాయం చెబుతాను. ఆనవాళ్లు ఆ అమ్మాయినే రాయమనండి. అడుగులు ఆమె అడుగులతోనే కొలవండి. నా డబ్బాల్లో జనం బాగా మెచ్చుకున్నది మా అబ్బాయి ఎనిమిదేళ్లప్పుడు దారి రాసినదే.


పెడన అచ్చు | జూన్ 21

మూడు నెలల తరువాత వచ్చి చెబుతున్నాను. డబ్బా పెట్టాం.

పార్కు కార్యాలయం వాళ్లు రెండు వారాలకు సరే అన్నారు. కాలిబాట నుంచి పదిహేను అడుగులు దాటకూడదని, పుస్తకం మొదటి పేజీలో మా ఫోను నంబరు ఉండాలని షరతు పెట్టారు. ఈలోగా ఏప్రిల్ 5 ఉదయం, నీటిపిట్టలు గారు చెప్పినట్టే, విల్లో దగ్గర ఆడది గూట్లో కూర్చుని కనబడింది. మగది నీటి అంచున నిలబడి ఉంది. మేము అవతలి ఒడ్డున మూడో బెంచీ మీద కూర్చుని చూశాం. కాసేపటికి ఎవరిదో కుక్క తాడు లాక్కుంటూ చెట్టు వైపు వెళ్లింది. మగది మెడ నేలకు ఆనించినంత కిందికి దించి, రెక్కలు సగం విప్పి, బుస కొడుతూ నాలుగడుగులు ముందుకు వేసింది. నీటికి ఇవతల ఉన్న మాకు కూడా ఆ బుస వినిపించింది. కుక్క వెనక్కి తగ్గింది. గూట్లో ఉన్నది మాత్రం కదల్లేదు. మెడ నేల మీద పరుచుకుని ఎండిన ఆకుల్లో కలిసిపోయింది. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికి వచ్చే దారిలో, "అమ్మా, డబ్బా అక్కడ ఉంటే ఆ కుక్కలా అందరూ వెళ్తారు కదా" అంది. విల్లో మాట మళ్లీ ఎత్తలేదు.

మే 2న పిల్లలు నీటిలో ఉన్నాయి. ఐదు. ముందు తల్లి, వెనక తండ్రి, మధ్యలో పసుపు ఉండలు. మే చివరి వారంలో డబ్బా దాచాం. ఆనవాళ్లు మా అమ్మాయి ఇంగ్లిష్‌లో రాసింది, తెలుగులో నేను తిరగరాశాను:

"తూర్పు గేటు దగ్గర మొదలుపెట్టండి. కుంటను కుడిచేతి వైపు ఉంచుకుని మూడో బెంచీ దాకా నడవండి. కూర్చోండి. ఎదురు ఒడ్డున జుట్టు విరబోసుకున్న చెట్టు ఉంది. అక్కడ కాపలా ఉంది, అటు వెళ్లకండి, ఇక్కడి నుంచే చూడండి. తొందర పడకండి. చూడటం అయ్యాక లేచి, నీటికి వీపు పెట్టి, దిక్సూచిలో 200 చూపే వైపు కాలిబాట వెంట మిట్ట ఎక్కండి. నా అడుగులు 85, మీరు పెద్దవాళ్లయితే 60 చాలు. ఒకే మొదట్లోంచి లేచిన మూడు ఓక్ మాన్లు కనబడతాయి. వాటి వెనక కూలిన మొద్దు ఉంది. నీళ్లు కనబడని కొసలో, బెరడు కింద చూడండి. రొట్టె తెచ్చి ఉంటే మీరే తినండి."

జూన్ 7న మొదటి మనిషి వచ్చారు. పుస్తకం తెరిస్తే రెండో పేజీలో ఆకుపచ్చ ఇంకుతో తాబేలు ముద్ర, కింద తేదీ, ఒక వాక్యం: బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను, పిల్లలు నాలుగు కనబడ్డాయి. మేమూ మళ్లీ మళ్లీ లెక్కపెట్టాం. నాలుగే. ఐదోది ఏమైందో మాకు తెలియలేదు.

ఇప్పుడు గడ్డి నిండా పెద్దబాతుల ఈకలు రాలి ఉన్నాయి. మా అమ్మాయి ఒక పొడవాటి రెక్క ఈక ఏరి, డబ్బాలో పెడదామంటోంది. పెట్టవచ్చా?

స్టాంపు ముద్ర ఫోటో నాన్నకు పంపాను. దగ్గరగా పెట్టుకుని చూశారు. "మెడ బాగుంది. ముక్కు దగ్గర గట్టు సన్నబడింది, శీతాకాలం లోపల తెగుతుంది. ఇంకొకటి చెక్కి సిద్ధంగా పెట్టుకోండి" అన్నారు. ఈసారి మా అమ్మాయి చెక్కుతానంటోంది. బొమ్మ కూడా గీసింది, మగ మల్లార్డ్ బాతు అట. బెంచీ మీద కూర్చుని చూసింది చూసినట్టు గీసింది కానీ తలకు ఆకుపచ్చ రంగు లేదు, ఒళ్లంతా గోధుమ రంగే. మగదే అని గట్టిగా అంటోంది. ఆమె చూసింది సరైనదేనా?


నీటిపిట్టలు | జూన్ 21

ఈక ఉన్నచోటే వదిలేయండి. రాలిన ఈక అయినా సరే, అదే 1918 చట్టం కింద దగ్గర పెట్టుకోకూడదు. కావాలంటే ఈకను చూసి బొమ్మ గీయించి, ఆ బొమ్మ పుస్తకంలో అంటించండి. పెద్దబాతులు ఇప్పుడు రెక్క ఈకలన్నీ ఒకేసారి రాల్చుకుంటాయి. కొత్తవి వచ్చేదాకా, దాదాపు నెల రోజులు, ఎగరలేవు. ఈ నెల్లాళ్లు నీటి అంచుకు ఇంకాస్త దూరంగా నడవండి. తరిమితే వాటికి నీళ్లు తప్ప దారి లేదు.

మల్లార్డ్ విషయంలో మీ అమ్మాయి చూసింది సరైనదే కావచ్చు. వేసవిలో మగవి కూడా ఆకుపచ్చ తల వదిలేసి ఆడదాని రంగులోకి వస్తాయి, శరత్తుకు మళ్లీ మారతాయి. ఈ రోజుల్లో ముక్కు చూసి చెప్పాలి. మగదానికి పసుపు పచ్చగా, మచ్చ లేకుండా ఉంటుంది. ఆడదానికి నారింజ రంగు మీద నల్ల మచ్చలు ఉంటాయి. ఆమె గీసిన కాగితంలో ముక్కు ఎలా ఉందో చూడండి. స్టాంపుకు ఒకే రంగు కాబట్టి, ముక్కు మీద మచ్చలేవీ చెక్కవద్దని చెప్పండి.


పెడన అచ్చు | జూన్ 22

కాగితం తీసి చూశాను. పసుపు పెన్సిలు వాడింది. మచ్చలు లేవు.